సంఘము నుండి బీ-ఫారము దాక
(మహ్మదాపూర్ అమరుల సంస్మరణ దినమున హుస్నాబాద్‌లో చేసిన స్మారకోపన్యాసము)



1948వ సంవత్సరము మార్చి 14వ తేదీన, ఈ హుస్నాబాద్ సమీపమున మహ్మదాపూర్ గుట్టలలో నిజాం బలగముల తుపాకులకు ఎదురొడ్డి నేలకొరగిన అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి గారల స్మృతికిని, వారి సహచరుల స్మృతికిని అంకితమైన ఈ దినమున, రాజకీయ పక్షముల నిర్మాణమును గూర్చి మాట్లాడ బూనుట కొందరికి వింతగా తోపవచ్చును. అమరుల సభలలో త్యాగమును కీర్తించుట వాడుక. సభ్యత్వ పుస్తకములు, కార్యవర్గములు, అభ్యర్థుల ఎంపిక మొదలగునవి కార్యాలయములలో దుమ్ముపట్టిన కాగితముల సంగతులుగా కనబడును. కాని పోలంపల్లిలో కలిగిన కుటుంబమున పుట్టిన ప్రభాకరరావు గారు ఒంటరిగా ఆ గుట్టలకు చేరినవారు కారు. ఆంధ్ర మహాసభ యను సంఘము వారిని తీర్చిదిద్దినది. ఆ సంఘపు పిలుపు మేరకే వారు ఊరూర పట్వారీల దస్తరములను తగులబెట్టించిరి. ఆ సంఘపు దళముతోడనే ప్రాణములర్పించిరి. సామాన్యులు కూడి కట్టుకొనిన సంఘమొకటి మనిషికి ఎంతటి నిబ్బరము నీయగలదో చూపిన ఆ మహనీయులను తలచుకొను వేళ, అట్టి సంఘములు నేడు మన నడుమ ఏ స్థితిలో నున్నవో విచారించుట వారికి తగిన నివాళియేయని నా నమ్మకము.

ఆంధ్ర మహాసభ చరిత్రను ఈ దృష్టితో మరల చదువవలెనని మనవి చేయుచున్నాను. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగిన నాటికి అది ప్రధానముగా విద్యావంతుల, వకీళ్ల, కలిగిన రైతుల సమావేశము. నాలుగవ మహాసభ 1935లో మన సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన జరిగినది. పాఠశాలలు, గ్రంథాలయములు, వెట్టి నిర్మూలనము వంటి విషయములపై తీర్మానములు చేసి సర్కారునకు విన్నవించుకొనుట ఆనాటి పద్ధతి. నేటి యువకులకు ఈ పద్ధతి చప్పగా తోచవచ్చును. కాని సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలెనని శాసించిన గస్తీ నిషాన్ 53 అమలులో నున్న ఆ రోజులలో, అనుమతి కొరకు దరఖాస్తు వ్రాయుట, ఆహ్వాన సంఘము నేర్పరచుకొనుట, తీర్మానములను ముందుగా విషయ నిర్ణయ సభలో చర్చించి పిదప బహిరంగ సభ ముందుంచుట, ప్రతిపక్షపు వాదము ముగియువరకు ఓపికతో వినుట, ఖర్చులకు లెక్కలు చెప్పుట అను పనులన్నియు తెలంగాణ ప్రజలు ఓటుహక్కు రాకపూర్వమే అభ్యసించిన ప్రజాస్వామ్య విద్యగా నేను భావించుచున్నాను. 1941 నాటి చిలుకూరు సభ నుండి, ముఖ్యముగా 1944 నాటి భువనగిరి సభ నుండి, రావి నారాయణరెడ్డి గారి నాయకత్వమున మహాసభ తలుపులు పేద రైతునకును, పాలేరునకును తెరుచుకొనినవి. అప్పుడది పల్లె నోట "సంగం" అయినది. ఎవరైన దొర వెట్టికి పిలిచినను, పంట కొలిచికొనిపోవ వచ్చినను, భూమి నుండి వెళ్లగొట్టినను, "సంగంల చెప్పుకుందాం" అను మాట పుట్టినది. పిటిషన్లు వ్రాయు మునిషీ కడకు గాని, దొర గడీకి గాని, తాలూకా కచ్చేరికి గాని పోనవసరము లేక, తనవంటివారే కూర్చున్న చోటికి తన గోడు కొనిపోగలిగిన నాడే మన రైతు పౌరుడైనాడు.

భువనగిరిలో మహాసభ రెండుగా చీలినది కదా, అది సంఘటనకు అపజయము కాదాయని అడుగవచ్చును. ఆ చీలిక బాధాకరమే. అయినను ఆ చీలికకు కారణము బహిరంగమైనది. జాగీర్దారీ, దేశ్‌ముఖీ వ్యవస్థతో ఎట్లు వ్యవహరించవలెను, కమ్యూనిస్టులకు సభలో స్థానము ఉండవలెనా వలదా అను ప్రశ్నలపై రెండు మార్గములు ఏర్పడెను. ఎవరు ఏ మార్గమున పోవుచున్నారో, ఎందులకు పోవుచున్నారో ప్రతి గ్రామమునకును తెలియును. సిద్ధాంతముపై చీలిన పక్షము నొద్ద ప్రజలకు మోసము జరుగదు. తరువాతి కాలమున మనము చూచిన చీలికలకును, విలీనములకును ఈ గౌరవము దక్కలేదు; ఆ సంగతి ముందు చెప్పుదును.

1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలు కరీంనగర జిల్లా చరిత్రలో నిలిచి చూడదగిన ఘట్టము. సాయుధ పోరాటమును విరమించినట్లు కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో ప్రకటించినది. హైదరాబాదు రాష్ట్రమున ఆ పార్టీపై నిషేధము తొలగలేదు గనుక దాని అభ్యర్థులు ప్రజాస్వామ్య ఫ్రంట్, అనగా పీడీఎఫ్, పేరున నిలిచిరి. కరీంనగరం నుండి బద్దం ఎల్లారెడ్డి గారు లోక్‌సభకు ఎన్నికైరి. వారి చేతిలో ఓడినవారు మన వంగర బిడ్డ, కాంగ్రెస్ అభ్యర్థి పి.వి. నరసింహారావు గారు. శాసనసభలో 175 స్థానములకు గాను కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42 లభించి, బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి యైరి. ఈ అంకెలను మనము పరీక్షలకు కంఠస్థము చేసితిమే గాని, వాని వెనుక నున్న అద్భుతమును తగినంతగా చూడలేదు. కొద్ది నెలల ముందు వరకు అడవులలో వేటాడబడిన మనుష్యులు శాసనసభలో ప్రతిపక్ష స్థానముల కూర్చుండి, మంత్రులను ప్రశ్నించి, బిల్లులపై సవరణలు ప్రతిపాదించిరి. తుపాకి పట్టిన కోపమును ప్రశ్నగా, తీర్మానముగా, సవరణగా మార్చగల సాధనము లోకమున రాజకీయ పక్షమొక్కటే. ఏ సైన్యమును, ఏ న్యాయస్థానమును, ఏ అధికార యంత్రాంగమును ఈ పని చేయజాలవు. ఓడిన నరసింహారావు గారిని వారి పక్షము వదలిపెట్టలేదు. 1957లో మంథని నుండి నిలిపినది. అక్కడి నుండి వరుసగా నాలుగు పర్యాయములు గెలిచి, మంత్రియై, ముఖ్యమంత్రియై, 1991లో దేశ ప్రధానియైరి. ఓడినవానిని నిలుపుకొని పెంచుట కూడ పక్షము చేయవలసిన పనియేయని మనము మరువరాదు.

పక్షములే లేని ప్రజాస్వామ్యము మేలని తలచిన పెద్దలు మన దేశమున తక్కువవారు కారు. మహాత్ముడు తన మరణమునకు ముందు దినమున, 1948 జనవరి 29న, కాంగ్రెస్‌ను రద్దుచేసి లోకసేవక సంఘముగా మార్చవలెనని వ్రాసియుంచెను. ఎం.ఎన్. రాయ్ గారు అదే సంవత్సరమున తాము స్థాపించిన పక్షమును తామే రద్దు గావించిరి. జయప్రకాశ్ నారాయణ్ గారు పక్షరహిత ప్రజాస్వామ్యమును బోధించిరి. వీరి నిజాయతీ ముందు నేను తలవంచుదును. వీరి నిర్ణయముతో మాత్రము ఏకీభవింపజాలను. ఇందులకు సాక్ష్యము వెదకికొన దూరము పోనక్కరలేదు. మన గ్రామ పంచాయతీ ఎన్నికలు చట్టరీత్యా పక్షముల గుర్తులు లేకయే జరుగును. అయినను ఏ సర్పంచి అభ్యర్థి ఏ పక్షము "బలపరచిన" వాడో తెలియని ఓటరు హుస్నాబాద్ నుండి అక్కన్నపేట దాక ఒక్కడును లేడు. ఫలితములు వెలువడిన సాయంత్రమే తమకిన్ని పంచాయతీలని ప్రతి పక్షమును ప్రకటించును. గెలిచినవాడు మరునాడే ఎమ్మెల్యే ఇంటికి పోయి కండువా కప్పుకొనును. గుర్తు తొలగించినంతనే పక్షము తొలగిపోలేదు. తొలగినది దాని బాధ్యత మాత్రమే. పని చెడినప్పుడు "వాడు మా అభ్యర్థి కాడు" అని తప్పించుకొనుటకు ఇంతకన్న అనువైన ఏర్పాటు వేరొకటి యుండదు.

కావున పక్షములు వలదనుట గాక, ఉన్న పక్షములు ఎవరివని అడుగుట మన కర్తవ్యము. ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము నామినేషన్ల చివరి దినమున రిటర్నింగ్ అధికారి కార్యాలయమున దొరకును. మధ్యాహ్నము మూడు గంటలకు గడువు ముగియును. రెండున్నరకు ఒక కారు వేగముగా వచ్చి ఆగును, దానిలో నుండి దిగినవాని చేతి సంచిలో నొక కాగితముండును, అదియే బీ-ఫారము. ఏ నాయకుడు ఈ ఫారముపై సంతకము చేయుటకు అధికారము గలవాడో తెలుపునది ఏ-ఫారము. ఏ మనిషికి పక్షపు గుర్తు కేటాయింపవలెనో తెలుపునది బీ-ఫారము. సంతకము స్వహస్తముతో సిరాతో చేసినదై యుండవలెను. రబ్బరు ముద్ర గాని, నకలు గాని చెల్లదు. అసలు అభ్యర్థి నామినేషన్ తిరస్కరింపబడిన యెడల ఎవరికి గుర్తు చెందవలెనో ప్రత్యామ్నాయపు పేరు సైతము అందులోనే వ్రాయుదురు. ఇంతవరకు చట్టము చాల జాగ్రత్త వహించినది. కాని ఈ పేరు ఎట్లు వచ్చినది, ఎవరు కూర్చుండి నిర్ణయించిరి, ఆ నియోజకవర్గపు సభ్యులలో నొక్కనినైన అడిగిరా అను ప్రశ్న ఆ కాగితములో ఏ గడియందును లేదు. గుర్తింపు పొందిన పక్షపు అభ్యర్థికి ప్రతిపాదకుడొక్కడు చాలును. స్వతంత్రునకు పదిమంది కావలెను. పక్షపు అభ్యర్థి వెనుక ఆ పక్షపు సభ్యసముదాయము ముందే నిలిచియున్నదను నమ్మకముతో కదా చట్టము తొమ్మండుగురి సంతకములను మినహాయించినది! ఆ నమ్మకము నిలుచు రీతిలో ఏ పక్షము తన అభ్యర్థిని ఎన్నుకొనుచున్నదో ఈ సభలో నున్న కార్యకర్తలే చెప్పవలెను. ఇరువది యేండ్లు జెండా మోసిన గ్రామశాఖ అధ్యక్షునకు తన అభ్యర్థి పేరు టీవీ చూచి తెలియుచున్నది. ఈ అవమానమును మన కార్యకర్తలు ఎంత మౌనముగా భరించుచున్నారో చూచినప్పుడు నా మనస్సు కలతపడును.

ఏ సంస్థ పెరిగినను దాని పగ్గములు క్రమముగా కొందరి చేతిలోనికి పోవునని జర్మనీ సోషలిస్టు పక్షమును పరిశీలించి రాబర్ట్ మిఛెల్స్ 1911లోనే వ్రాసెను. అది నిజమే గాని, ఆ ప్రవాహమునకు అడ్డుకట్ట వేయుట అసాధ్యమని నేను ఒప్పుకొనను. అదే జర్మనీ, హిట్లరు చేసిన సర్వనాశనము తరువాత, పక్షముల అంతర్గత నిర్మాణము ప్రజాస్వామ్య సూత్రములకు లోబడియుండవలెనని తన మూల శాసనపు 21వ అధికరణమున వ్రాసికొనినది. అక్కడ అభ్యర్థులను పక్షపు సభ్యులో, వారి ప్రతినిధులో రహస్య ఓటుతో ఎన్నుకొనవలెనని ఎన్నికల చట్టము శాసించుచున్నది. మన రాజ్యాంగమున 1985 దాక రాజకీయ పక్షముల ప్రసక్తియే లేదు. ఆ యేడు 52వ సవరణతో పదవ షెడ్యూలు చేరినప్పుడు గాని అవి అందులో అడుగిడలేదు. పక్షముల నమోదునకు సంబంధించిన నిబంధన ప్రజా ప్రాతినిధ్య చట్టములో 1989లో అమలులోనికి వచ్చినది. పక్షముల లోపలి ప్రజాస్వామ్యమును చట్టబద్ధము చేయవలెనని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో సిఫారసు చేసినది. ఆ సిఫారసు నేటికిని సిఫారసుగనే యున్నది. ఏ పక్షపు ప్రభుత్వమును దానిని తాకలేదు.

పక్షమును లోపలి నుండి బాగుచేయుట ఎంత కష్టమో తెలిసికొనుటకు వంగర కథయే చాలును. నరసింహారావు గారు ప్రధానిగను, కాంగ్రెస్ అధ్యక్షులుగను ఉండగా, ఇరువదియేండ్లుగా జరుగని సంస్థాగత ఎన్నికలను జరిపించి, 1992 ఏప్రిల్‌లో తిరుపతి మహాసభలో కార్యవర్గమునకు సైతము ఓటింగు పెట్టించిరి. ఒక తరము కార్యకర్తలకు అది నమ్మశక్యము గాని సంగతి. అర్జున్ సింగ్, శరద్ పవార్ వంటి వారి సమవుజ్జీలు బలముతో గెలిచి వచ్చిరి. అంతట, ఎన్నికైనవారిలో దళితులు, గిరిజనులు, స్త్రీలు లేరను కారణము చూపి, వారిచే రాజీనామాలు చేయించి, కార్యవర్గమును నామినేషన్ పద్ధతిన మరల కూర్చిరి. చూపిన కారణము న్యాయమైనదే. ఆ వర్గములు ఎన్నికలలో గెలువలేకపోవుట ఆ పక్షమునకు సిగ్గుచేటే. అయితే దానికి మందు స్థానములను రిజర్వు చేసి మరల ఎన్నిక జరుపుట. ఎన్నికనే రద్దుపరచుట కాదు. ఈ ప్రాంతము కన్న రాజనీతిజ్ఞులలో మిక్కిలి చదివినవారు, భూసంస్కరణల కొరకు స్వపక్షపు పెద్దల ఆగ్రహమునకు గురియైనవారు, తెరిచిన తలుపును తామే మూసిరి. వారియందలి గౌరవముతోనే ఈ మాట చెప్పుచున్నాను. ఆ తలుపు నాడు తెరిచియుండిన యెడల, దేశపు ఇతర పక్షములకును దానిని అనుసరింపక తప్పెడిది కాదు.

ఇక విలీనముల సంగతి. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణములోని 14 స్థానములలో 10 స్థానములను తెలంగాణ ప్రజాసమితి గెలిచినది, కరీంనగరమున ఎం. సత్యనారాయణరావు గారు ఆ పక్షముననే గెలిచిరి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమములో కాల్పులకు బలియైన విద్యార్థుల జ్ఞాపకము ఆ ఓట్లలో నుండెను. ఆ యేడు సెప్టెంబరులోనే ప్రజాసమితి కాంగ్రెస్‌లో విలీనమైనది. ఆ నిర్ణయమునకు ముందు ఏ తాలూకా శాఖను, ఏ గ్రామ సభ్యుని అడిగిరో చెప్పగలవారు లేరు. ఓటు వేసినవానికి, జైలుకు పోయినవానికి ఆ వార్త పత్రికలలో తెలిసినది. ముప్పదియేండ్ల పిదప, 2001 మే 17న కరీంనగర సింహగర్జన సభలో కొత్త పక్షము (నేటి బీఆర్ఎస్) అదే ఆకాంక్షను మరల ఎత్తికొనినప్పుడు, ఈసారి కూడ అమ్ముకొందురేమోయను శంకను పోగొట్టుటకే దాని నాయకులు ఏండ్ల తరబడి శ్రమపడవలసి వచ్చినది. విలీనమునకు కార్యకర్తను అడుగకపోవుట వలన ఒక ఉద్యమము ముప్పది యేండ్లు వెనుకబడినదని నా నిశ్చితాభిప్రాయము.

రాష్ట్రము వచ్చిన పిదప ఈ వ్యాధి ముదిరినది. 2019 జూన్‌లో కాంగ్రెస్ శాసనసభ్యులు 18 మందిలో 12 మంది నాటి అధికార పక్షమున (నేటి బీఆర్ఎస్‌లో) కలిసిరి. మూడింట రెండు వంతులున్నారు గనుక అది విలీనమైనది. 2023 డిసెంబరు తరువాత ప్రవాహము ఎదురు తిరిగి, తన టికెట్టుపై గెలిచిన పదిమంది కాంగ్రెస్ గూటికి చేరిరని బీఆర్ఎస్ అనర్హత పిటిషన్లు వేసినది. మన పొరుగు నియోజకవర్గమైన హుజూరాబాద్ శాసనసభ్యులు పాడి కౌశిక్ రెడ్డి మొదలగువారు వేసిన వ్యాజ్యమున, మూడు నెలలలో తేల్చవలెనని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకరునకు చెప్పవలసి వచ్చినది. నిన్న ఫిర్యాదు చేసినవారు నేడు ప్రతివాదులు. నిన్నటి ప్రతివాదులు నేడు ఫిర్యాదుదారులు. ఈ విషయమున ఒక పక్షమును వేరొక పక్షము కన్న మేలని చెప్పుటకు నాకు ఆధారము దొరకలేదు. పదవ షెడ్యూలు శాసనసభ్యుని విప్పునకు కట్టివేసినది. పై నాయకుని చేతికి కొరడా నిచ్చినది. క్రింది సభ్యునకు మాత్రము ఏ హక్కును ఈయలేదు. టికెట్టు ఇచ్చినది సభ్యులైన యెడల పోవునాడు సభ్యులకు ముఖము చూపవలసి వచ్చును; ఇచ్చినది ఒక్క నాయకుడైనప్పుడు మరియొక నాయకుని ఇంటికి మారుటలో ఆ మనిషికి ఏ సంకోచమును ఉండదు.

ఇదంతయు నాయకుల గోలయేగాని రైతునకు దీనితో నేమి పనియని అనువారికి గౌరవెల్లిని చూపుదును. మెట్ట ప్రాంతమైన మన హుస్నాబాద్‌కు సాగునీరు తరముల నాటి కోరిక. తొలుత 1.4 టీఎంసీలకు తలపెట్టిన గౌరవెల్లి జలాశయమును రాష్ట్రము ఏర్పడిన పిదప 8.23 టీఎంసీలకు పెంచిరి. నీరు కావలెనని ఆయకట్టు రైతులు కోరిరి. ముంపునకు గురియైన గుడాటిపల్లి వారు తమకు న్యాయమైన పరిహారము, పునరావాసము ముట్టిన పిదపనే కట్ట పూర్తిచేయవలెననిరి. ఇద్దరి కోరికయు ధర్మమే. ఇద్దరిలోను అన్ని పక్షముల సభ్యులును ఉన్నారు. నిజమైన మండల కమిటీ ఏ పక్షమునకైన నుండిన యెడల, ఆయకట్టు రైతును, నిర్వాసితుని ఒక్క చాపపై కూర్చుండబెట్టి, ఒకని మాట ఒకడు వినునట్లు చేసి, ఇద్దరును సంతకము పెట్టగల తీర్మానమును ప్రభుత్వము ముందుంచెడిది. అది లేకపోవుటచేత 2022 జూన్‌లో నిర్వాసితులకును పోలీసులకును ఘర్షణ జరిగి, ఆయకట్టు రైతులొక దిక్కున, గుడాటిపల్లి వారొక దిక్కున నిలువవలసి వచ్చినది. గిట్టని రెండు న్యాయములను ఇంటిలోనే సమాధానపరచుట పక్షపు మొదటి పని. "సంగం" నాడు చేసినది అదియే. నేటి పక్షములకు బహిరంగ సభలు కలవు. 2018లోను, 2023లోను నాటి అధికార పక్షపు ఎన్నికల భేరి ఇక్కడనే, హుస్నాబాద్ మైదానమున మ్రోగినది. రాష్ట్రమునకంతటికి ప్రచారము మొదలుపెట్టుటకు పనికివచ్చిన ఈ ఊరికి, తన అభ్యర్థిని తాను ఎంచుకొను అధికారము మాత్రము ఏ పక్షమును ఈయలేదు.

చేయవలసినదేమని మీరు అడుగుదురు. చట్టము రావలెను, అది ఢిల్లీ చేతిలోని పని. ఆ చట్టము వచ్చుదాక మన చేతిలో నున్నది మండల పరిషత్తు. ఎంపీటీసీ స్థానములకు సైతము పక్షముల గుర్తులే గనుక అక్కడ కూడ బీ-ఫారమే కావలెను. ఒక్కొక్క స్థానము కొద్ది గ్రామములకు మించదు. ఆ గ్రామముల సభ్యులందరును ఒక బడి ఆవరణలో కూర్చుండగలరు. సభ్యత్వ పుస్తకములను ధనవంతుడు టోకున కొని, ఊరంతటి పేర్లు తానే నింపుకొనునని, కులబలము గలవాడే ఎప్పుడును గెలుచునని కొందరు పెద్దలు భయము వెలిబుచ్చిరి. ఆ భయము నిరాధారము కాదు. అందులకే సభ్యుల జాబితాను ఏడాది ముందుగా పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించి, ఆక్షేపణలు స్వీకరించి, ఆ తేదీకి ముందు చేరినవానికే ఓటు ఈయవలెను. ఓటు రహస్యముగా నుండవలెను. వేసిన చీటీలను పొరుగు మండలపు సభ్యులు లెక్కించవలెను. స్త్రీలకును, దళితులకును, వెనుకబడిన వర్గముల వారికిని దక్కవలసిన స్థానములను తిరుపతిలో వలె ఎన్నిక ముగిసిన తరువాత గాక, ముందే ప్రకటించి పోటీ పెట్టవలెను. ఫలితపు కాగితముపై గెలిచినవానితో పాటు ఓడినవాడును సంతకము చేయవలెను. బీ-ఫారము కోరుచు హైదరాబాదునకు పంపు విన్నపమునకు ఆ కాగితమును జతపరచి, దాని ప్రతిని గ్రామశాఖ పుస్తకమున ఉంచుకొనవలెను.